హాల్‌టికెట్ నంబర్‌ని ముక్కలు చేయగలరా?

మీ హాల్‌టికెట్ ఒకసారి బయటికి తీయండి. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల జేఎన్‌టీయూ అనంతపురం అనుబంధ కాలేజీల్లో చదివినవాళ్లకి దాని మీద పది అక్షరాల నంబర్ ఉంటుంది. ప్రతి పరీక్షలో, ప్రతి రికార్డు బుక్కు మీద రాసీ రాసీ చేతికి అలవాటైపోయిన నంబర్. నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. ఇప్పుడు నా ప్రశ్న. ఆ పది అక్షరాల్లోంచి మీ బ్రాంచి కోడ్‌ని మాత్రమే బయటికి తీసే ఒక్క లైను కోడ్‌ని, ఫోన్ పక్కన పెట్టి, పేపర్ మీద రాయగలరా?

ఈమధ్య ఎస్వీ యూనివర్సిటీ దగ్గర టీ తాగుతూ ఉంటే ఒక జూనియర్ అన్నాడు: "స్ట్రింగ్స్ ఒక్కరోజులో అయిపోయినాయన్నా. ఇప్పుడు ఏఐ కోర్సు నేర్చుకుంటా ఉండాను." మంచిదే అని చెప్పి, ఇదే ప్రశ్న వాడికి వేశాను. పేపర్ నాప్కిన్ మీద [6:7] అని రాశాడు. రావాల్సింది 05. వచ్చేది ఒక్క 0. పిల్లోడు తెలివితక్కువవాడు కాదు, సీజీపీఏ బాగానే ఉంది. స్ట్రింగ్స్‌ని చూశాడు గానీ చేత్తో లెక్కపెట్టలేదు. అంతే తేడా.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఉద్యోగం కోసం పరుగెత్తే హడావుడిలో మనం స్ట్రింగ్స్‌ని పిల్లల చాప్టర్ అనుకుని దాటేస్తున్నాం. క్యాంపస్ పరీక్షల్లో మొదటి మెట్టు దగ్గరే చాలామంది జారేది ఇక్కడే. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఉద్యోగం వచ్చాక మన కోడ్ వల్ల ఎవరికైనా నష్టం జరిగితే, అది కూడా ఇలాంటి చిన్న కోత దగ్గరే జరుగుతుంది. ఈ రెండోది నాకు అనుభవం మీద తెలిసింది.

కిలోమీటరు రాయిని గుర్తుపెట్టుకోండి

ముందు లెక్క సరిచేసుకుందాం. మచ్చుకి ఒక నంబర్ తీసుకుందాం: 16991ఏ0547. కాలేజీ కోడ్ 99 అని ఊరికే వేశాను. మధ్యలో 'ఏ' ఇంగ్లిష్ అక్షరం, పత్రిక కాబట్టి తెలుగులో రాస్తున్నా. మొదటి రెండు అంకెలు చేరిన సంవత్సరం. తర్వాతి రెండు కాలేజీ. తర్వాత '1ఏ' అంటే రెగ్యులర్ బీటెక్. తర్వాత 05 అంటే కంప్యూటర్ సైన్స్. అదే 04 అయితే ఈసీఈ, 03 అయితే మెకానికల్. చివరి రెండూ మీ వరస నంబర్.

పైథాన్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మొదటి అక్షరం [0], పదోది [9]. స్లైస్ రాసేటప్పుడు మొదలు చేరుతుంది, చివర చేరదు. అందుకే బ్రాంచి [6:8]. "చివరది ఎందుకు చేరదు?" అని క్లాసులో అడిగితే "అది రూల్, బట్టీ కొట్టండి" అన్నవాళ్లే ఎక్కువ. బట్టీ కొట్టక్కర్లేదు. తిరుపతి నుంచి చిత్తూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు కనిపిస్తాయి. రాయి రోడ్డు కాదు, రాయికీ రాయికీ మధ్య ఉండేది రోడ్డు. 6వ రాయి నుంచి 8వ రాయి దాకా ఎంత దూరం? రెండు కిలోమీటర్లు. మూడు కాదు. స్లైస్‌లో అంకెలు కూడా ఆ రాళ్లే. అక్షరాల మధ్య సందుల్లో పాతిన రాళ్లు. మొదటి అక్షరానికి ముందున్న రాయి మీద 0 అని రాసి ఉంటుంది.

ఇలా చూస్తే రెండు లాభాలు. ఒకటి, ముక్క పొడవు తెలియాలంటే తీసివేత చాలు: 8 − 6 = 2. రెండు, ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి: [0:2], [2:4], [4:6], [6:8], [8:10]. ఒకటి ఆగినచోటే ఇంకొకటి మొదలు. మధ్యలో ఒక్క అక్షరం కూడా జారిపోదు, ఏదీ రెండుసార్లు రాదు. సున్నా నుంచి ఎందుకు లెక్కపెట్టాలో డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1982లో ఒక చిన్న నోట్ రాశాడు. దాని సారాంశం కూడా దాదాపు ఇదే. మొదలును కలుపుకుని చివరను వదిలేస్తే లెక్క శుభ్రంగా ఉంటుంది.

నేను చేసిన తప్పు

ఇప్పుడు నా సంగతి. ఫైనలియర్‌లో ప్లేస్‌మెంట్ పనుల్లో సాయం చేసే స్టూడెంట్స్‌లో నేనూ ఒకణ్ని. ఒక కంపెనీ రిజిస్ట్రేషన్ లింకు పంపింది, ఆ సాయంత్రానికే గడువు. కాలేజీ మొత్తం జాబితాలోంచి మా బ్యాచ్ కంప్యూటర్ సైన్స్ వాళ్లని విడదీసి లింకు పంపాలి. చేత్తో చేస్తే గంటలు పడుతుంది. నేను పైథాన్‌లో పది లైన్లు రాశాను. [0:2] అనేది "16" అయి ఉండాలి, [6:8] అనేది "05" అయి ఉండాలి. రెండు సెకన్లలో జాబితా వచ్చేసింది. పక్కనున్నవాళ్లు శభాష్ అన్నారు. నాకూ కాస్త గర్వంగానే అనిపించింది.

రాత్రి హాస్టల్‌లో ఒక ఫ్రెండ్ అడిగాడు: "రేయ్, ఆ లింకు నాకు రాలేదేంరా?" వాడు డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, రెండో ఏడాదిలో నేరుగా చేరినవాడు. లేటరల్ ఎంట్రీ వాళ్ల నంబర్ 17తో మొదలవుతుంది, ఎందుకంటే వాళ్లు చేరింది మాకంటే ఒక ఏడాది తర్వాత. '1ఏ' ఉండాల్సిన చోట '5ఏ' ఉంటుంది. అదే క్లాసు, అవే బెంచీలు. నా కోడ్‌కి మాత్రం వాళ్లు జూనియర్లు. మా క్లాసులో డిప్లొమా నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ జాబితాలోంచి ఎగిరిపోయారు. అప్పటికి లింకు మూసేశారు.

గమనించండి, నా స్లైస్‌లో అంకెల తప్పు లేదు. [0:2] సరిగ్గా సంవత్సరాన్నే ఇచ్చింది. ఎర్రర్ రాలేదు, ప్రోగ్రామ్ ఆగలేదు. తప్పంతా ఆ ముక్కకి అర్థం ఏమిటో నేను ఊహించుకున్న దాంట్లో ఉంది. "మొదటి రెండు అంకెలు" అంటే "బ్యాచ్" అనుకున్నాను. అది "చేరిన సంవత్సరం" మాత్రమే. నేను రాయాల్సింది: [0:2] 16 అయి [4] 1 అయినా సరే, లేకపోతే [0:2] 17 అయి [4] 5 అయినా సరే. ఒక్క షరతు ఎక్కువ, అంతే. పక్కన కూర్చునే మనిషి నంబర్‌ని నేను ఒక్కసారైనా చదివి ఉంటే తట్టేది.

ఎర్రర్ ఇవ్వని తప్పులే ప్రమాదం

స్ట్రింగ్స్‌లో ఇదే మోసం. [10] అని అడిగితే పైథాన్ వెంటనే 'ఇండెక్స్ ఎర్రర్' అని కేకేస్తుంది. అదే [8:50] అని రాయండి, నోరు మెదపదు. ఉన్నంతవరకు ఇచ్చి ఊరుకుంటుంది. నంబర్‌లో ఒక అక్షరం తగ్గినా మీకు తెలీదు. అందుకే కోసే ముందు పొడవు సరిగ్గా పది ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి.

ఇంకోటి. ఈమెయిల్‌లో @ గుర్తుకు ముందున్న పేరు కావాలి. చాలామంది 'ఫైండ్'తో @ ఎక్కడుందో వెతికి అక్కడిదాకా కోస్తారు. @ లేకపోతే? ఫైండ్ −1 ఇస్తుంది. పైథాన్‌లో −1 అంటే చివరి అక్షరం. అంటే మెయిల్ ఉండాల్సిన చోట ఎవరో పొరపాటున ఫోన్ నంబర్ కొడితే, మీ కోడ్ చివరి అంకెను తీసేసి, దాన్నే పేరని చూపిస్తుంది. ఎర్రర్ ఉండదు. ఫైండ్ బదులు 'ఇండెక్స్' వాడితే, దొరకనప్పుడు ఎర్రర్ వచ్చి ఆగుతుంది. ఆగడమే మేలు.

మన హాల్‌టికెట్‌లోనే మూడో గుంట కూడా ఉంది. చివరి రెండు అక్షరాల్ని అంకెగా మారుద్దామని 'ఇంట్' వేస్తారు. 99 దాకా బాగానే పోతుంది. వందో స్టూడెంట్ నంబర్ ఏంటి? రెండే గళ్లు ఉన్నాయి కాబట్టి 'ఏ0'. ఆ తర్వాత ఏ1, ఏ2... 110 దగ్గర బీ0. పెద్ద సెక్షన్లున్న కాలేజీలో మీ ప్రోగ్రామ్ అక్కడ కూలిపోతుంది. ఏ అంటే 10, బీ అంటే 11 అనుకుని పదితో గుణించి రెండో అంకె కలిపితే సరి. ఏ7 అంటే 107. ఇంటర్వ్యూలో "ఎడ్జ్ కేసులు ఏమున్నాయి?" అని అడిగేది సరిగ్గా ఇలాంటి వాటి గురించే. మీ జేబులో ఉన్న కార్డులోనే జవాబుంది.

భాష మారితే లెక్క మారుతుంది

క్యాంపస్ పరీక్షలో భాష ఎంచుకోమంటారు. కాలేజీలో సీ, కోచింగ్‌లో జావా, యూట్యూబ్‌లో పైథాన్ నేర్చుకున్న మనకి ఇక్కడ కాళ్లు తడబడతాయి. అదే 05ని తీయడానికి నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఆలోచించాలి. జావా 'సబ్‌స్ట్రింగ్'లో (6, 8): మొదలు, చివర. సీ ప్లస్ ప్లస్ 'సబ్‌స్ట్ర్'లో (6, 2): మొదలు, పొడవు. అక్కడ అలవాటులో (6, 8) రాస్తే 0547 మొత్తం వచ్చేస్తుంది, ఎర్రర్ రాదు. ఎస్‌క్యూఎల్‌లో (7, 2), ఎందుకంటే అక్కడ లెక్క ఒకటి నుంచి మొదలు. ఎక్సెల్ 'మిడ్'లో కూడా (7, 2)నే. ఇంకో సంగతి, పైథాన్‌లోనూ జావాలోనూ స్ట్రింగ్‌లో ఒక అక్షరాన్ని అక్కడికక్కడే మార్చలేరు, కొత్త స్ట్రింగ్ చేసుకోవాల్సిందే. సీలో అక్షరాల అర్రేగా పెట్టుకుంటే మార్చొచ్చు. ఈ నాలుగు లైన్లని ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. పరీక్ష హాల్లో పది నిమిషాలు మిగులుతాయి.

తెలుగును కోస్తే ఏమవుతుంది?

"తిరుపతి" అని పైథాన్‌లో పెట్టి పొడవు అడగండి. మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్ 7 అంటుంది. యూనికోడ్‌లో 'త' ఒకటి, దాని మీద గుడి ఇంకొకటి. 'ర' ఒకటి, దాని కొమ్ము ఇంకొకటి. అందుకే [0] అడిగితే 'తి' రాదు, గుడి ఊడిపోయిన 'త' వస్తుంది. "చిత్తూరు" మనకి మూడు, కంప్యూటర్‌కి 8. సీ భాషలో యూటీఎఫ్-8లో ఉన్న "తిరుపతి"ని కొలిస్తే 21 వస్తుంది, ఎందుకంటే ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. ఇక పాలిండ్రోమ్ ప్రోగ్రామ్‌లో వాడే [::-1]తో "తిరుపతి"ని తిప్పండి. మొట్టమొదట ఏ అక్షరమూ లేని ఒంటరి గుడి, దాని వెనక 'తపురిత' వస్తుంది.

నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, ఇది మన పని. తెలుగులో మెసేజ్ పంపే యాప్‌లో "మొదటి 20 అక్షరాలు చూపించు" అని ఎవరో కోస్తే, ఊరి పేరు సగంలో తెగి అర్థం మారిపోతుంది. పేర్ల సంగతీ అంతే. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. నగరి, కుప్పం వైపు తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. మొదటి ఖాళీ దాకా కోసి అదే పేరనుకునే ప్రోగ్రామ్ వాళ్లని "డియర్ కె" అని పిలుస్తుంది. ఎక్కడో కూర్చుని ఆ లైను రాసినవాళ్లకి మన పేర్లు తెలియకపోవచ్చు. మీకు తెలుసు. 'గ్రాఫీమ్ క్లస్టర్' అనే మాటను వెతికి చదవండి. ఇంటర్వ్యూలో తెలుగు స్ట్రింగ్‌ని ఎలా తిప్పాలో రెండు నిమిషాలు చెప్పగలిగితే, మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

ముక్కకి అర్థం కూడా మారుతుంది

ఒకప్పుడు బండి నంబర్‌లో 03 చూడగానే చిత్తూరు జిల్లా అని చెప్పేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ వచ్చింది. ఆ రెండంకెలు కోసి జిల్లా చెప్పే ప్రోగ్రామ్ కొత్త బండ్ల విషయంలో ఆరోజే చచ్చిపోయింది. పిన్ కోడ్ చూడండి. చిత్తూరు 517001, తిరుపతి 517501. మొదటి మూడూ 517 అయితే పాత చిత్తూరు జిల్లా అనుకునేవాళ్లం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. శ్రీహరికోట పిన్ 524124, అది ఇప్పుడు తిరుపతి జిల్లా. 517325 పిన్ ఉన్న మదనపల్లె అప్పుడు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. 1972లో పిన్ కోడ్ పెట్టింది ఉత్తరాలు వేరుచేయడానికి, జిల్లాలు చెప్పడానికి కాదు. కోయడం ఎంత బాగా వచ్చినా, ఆ అంకెల్ని ఎవరు, ఎందుకు పెట్టారో అడగకపోతే నేను చేసిన తప్పే మీరూ చేస్తారు.

"ఏఐ రాస్తుంది కదా అన్నా?"

రాస్తుంది. నాకంటే వేగంగా, నాకంటే శుభ్రంగా రాస్తుంది. నేనూ రోజూ వాడతాను. కానీ "2016 బ్యాచ్ కంప్యూటర్ సైన్స్ వాళ్లని తీయి" అని మాత్రమే అడిగితే, అది కూడా నేను రాసిన షరతే రాసే అవకాశం ఎక్కువ. మీ క్లాసులో లేటరల్ ఎంట్రీ వాళ్లు ఉన్నారని, వాళ్ల నంబర్ 17తో మొదలవుతుందని మీరు చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది? అది ఇచ్చిన కోడ్‌ని చదివి "ఇక్కడ కొందరు మిస్ అవుతున్నారే" అని పట్టుకోవాలంటే [0:2] అంటే ఏంటో మీ మెదడులో ఉండాలి. చదవడం రానివాడు సంతకం పెట్టినట్టు, అర్థం కాని కోడ్‌ని సబ్మిట్ చేయొద్దు.

స్ట్రింగ్స్ వస్తే చాలు, ఉద్యోగం వచ్చేస్తుందని నేను చెప్పడం లేదు. డేటా స్ట్రక్చర్స్ కావాలి, ఎస్‌క్యూఎల్ కావాలి, ప్రాజెక్టు కావాలి, నాలుగు మాటలు తడబడకుండా మాట్లాడటం కావాలి. కానీ పునాది రాళ్లు కదులుతుంటే పై అంతస్తుకి రంగులేసి ఏం లాభం? వేలకు వేలు పోసి కోర్సులో చేరే ముందు ఒక్క వారం దీనికి ఇవ్వండి. ఖర్చు ఒక తెల్లకాగితాల నోట్‌బుక్.

మొదటి రోజు మీ హాల్‌టికెట్‌ని పేపర్ మీద రాసి, అక్షరాల మధ్య రాళ్లు పాతి, అయిదు ముక్కలు చేయండి. రెండో రోజు అదే పని మైనస్ ఇండెక్సులతో. మూడో రోజు బ్యాంక్ పాస్‌బుక్ తీయండి. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలు: మొదటి నాలుగు బ్యాంకు, అయిదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు బ్రాంచి. అది సరిగ్గా ఉందో లేదో చెప్పే ప్రోగ్రామ్ రాయండి. అయిదో అక్షరం అంటే [4] అని మర్చిపోవద్దు. నాలుగో రోజు పాన్ కార్డు: పదిలో నాలుగో అక్షరం వ్యక్తులకైతే 'పీ'. అయిదో రోజు వీటినే జావాలోనూ ఎస్‌క్యూఎల్‌లోనూ రాయండి. ఆరో రోజు మీ ఊరి పేరు తెలుగులో పెట్టి పొడవు కొలవండి, తిప్పండి, ఏం విరిగిందో రాసుకోండి. ఏడో రోజు ఫ్రెండ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకరి కోడ్‌ని ఒకరు చెడగొట్టండి: ఖాళీ స్ట్రింగ్ ఇవ్వండి, తొమ్మిది అక్షరాలవి ఇవ్వండి, 'ఏ0' ఇవ్వండి, '5ఏ' ఇవ్వండి.

ఆ చివరిది తప్పకుండా ఇవ్వండి. ఆ రాత్రి నేను తప్పు ఒప్పుకుంటే నా ఫ్రెండ్ "పర్లేదులే రా, ఇంకోటి వస్తుంది" అన్నాడు. వాడికి తర్వాత ఇంకోచోట ఉద్యోగం వచ్చింది, బాగానే ఉన్నాడు. అయినా వాడు డిప్లొమా నుంచి ఎంత కష్టపడి వచ్చాడో చూసినవాణ్ని, ఆ "పర్లేదులే" నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇప్పుడు ఏ జాబితాని కోసినా, ముందు అందులో ఎంతమంది ఉన్నారో, కోశాక ఎంతమంది మిగిలారో లెక్కపెడతాను. మిగలనివాళ్లు ఎవరో పేర్లు చదువుతాను. మీరూ ఆ అలవాటు చేసుకోండి.